కవరు మీద చెల్సియా అని రాసి ఉంది: మూడు మసాచుసెట్స్ వెండి నాణేల కేసు

నా పని పాత నాణేలు పరీక్షించి విలువ కట్టడం. నాణెం ఫొటో చూసి ధర చెప్పకూడదు. ఈ మాట నేనే పదిమందికి చెబుతుంటాను, మళ్లీ నేనే తప్పాను, ఈ కేసు మొదలైంది అక్కడే.

2025 జనవరిలో, మంచు విపరీతంగా పడుతున్న వారంలో, మసాచుసెట్స్‌లో వూస్టర్ దగ్గర ఉండే ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ల నాన్న అంతకుముందు ఆగస్టులో పోయారు. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద చుట్టల పెట్టె ఒకటి దొరికిందట, అందులో మూడు వెండి నాణేలు, ఒక పాత కాగితం కవరు. ఫొటోలు పంపింది. ఒక నాణెం మీద ఒక పక్క పై అంచు దగ్గర ఎన్.ఈ. అని రెండు అక్షరాలు, రెండో పక్క పన్నెండు అని రోమన్ అంకె, ఇంకేమీ లేదు, మిగతాదంతా బోసిగా ఉంది. చూడగానే గుండె ఒక్కసారి కొట్టుకుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. "ఇది నిజమైనదైతే మామూలు విషయం కాదండీ" అనేశాను. అందులో "నిజమైనదైతే" అన్న ముక్క ఆవిడకి వినపడలేదు. సాయంత్రానికల్లా ఆ నాణెం బ్యాంకు లాకర్లోకి వెళ్లిపోయింది, ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఫోన్ వెళ్లింది, ఆవిడ తమ్ముడు కూడా ఆఫీసుకి సెలవు పెట్టేశాడు.

వాళ్ల ఆశకి కారణం ఉంది. 2024 నవంబరులో ఇదే ఎన్.ఈ. రకంలో మూడు పెన్నీల నాణెం ఒకటి వేలంలో 25 లక్షల 20 వేల డాలర్లకి పోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పాత బీరువాలో దొరికిన నాణెం అది, బరువు 1.1 గ్రాము. అంతకుముందు 2021లో లండన్‌లో ఒక ఎన్.ఈ. షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీల నాణెం, 2,64,000 పౌండ్లు పలికింది, డాలర్లలో దాదాపు మూడున్నర లక్షలు. ఈ రెండు వార్తలూ టీవీలో వచ్చాయి. అటక మీద ఏది దొరికినా జనం గూగుల్ చేస్తారు కదా, వీళ్లూ చేశారు.

ఇక్కడ ఒక చిక్కుంది, వాళ్లకది అప్పటికి తట్టలేదు. మసాచుసెట్స్‌లో చనిపోయినవారి ఆస్తి మొత్తం 20 లక్షల డాలర్లు దాటితే రాష్ట్రం ఎస్టేట్ పన్ను వేస్తుంది. బోస్టన్ చుట్టుపక్కల ఒక ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు కలిస్తే మామూలు ఉద్యోగి కుటుంబం కూడా ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది. వీళ్లది సరిగ్గా అలాంటి పరిస్థితే. పెట్టెలో నాణెం నిజమైతే గీత దాటుతారు, పన్ను కట్టాలి. నకిలీ అయితే దాటరు. చనిపోయిన తొమ్మిది నెలల్లోగా రిటర్ను వేయాలి, అంటే మే నెల. అందుకే వాళ్ల లాయరు నాకు ఫోన్ చేసి, అంచనా రాతపూర్వకంగా కావాలి, కారణాలతో సహా కావాలి అన్నాడు. ఇంకో మాట కూడా ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది: విలువ కట్టేది పోయిన తేదీకి, అంటే ఆగస్టుకి. నవంబరు వేలం ఆగస్టులో ఎవరికీ తెలియదు, కాబట్టి ఆ రెండున్నర మిలియన్ల వార్త నా లెక్కలోకి రాదు. పైగా అది మూడు పెన్నీల నాణెం, మ్యూజియంల బయట తెలిసింది అదొక్కటే, షిల్లింగులు అంతకంటే చాలానే మిగిలాయి. రెండూ ఒకే రకం కదా అని ధర పోల్చడం కోహినూర్ ధర చెప్పి పక్కింటి ముక్కుపుడకకి బేరం పెట్టడం లాంటిది.

లాకర్లోంచి తీయించి, లాయరు ఆఫీసులోనే కూర్చున్నాం. నా సామాన్లు పెద్దగా ఉండవు. మిల్లీగ్రాము దాకా చూపించే చిన్న త్రాసు, కాలిపర్, పది రెట్లు పెద్దగా చూపించే లూప్ (భూతద్దం), గ్లాసుడు నీళ్లు, సన్నని నైలాన్ దారం, ఒక టేబుల్ లైటు. మా మేనమామకి ప్రొద్దుటూరులో చిన్న వెండి కొట్టు ఉండేది, సరుకు చేతికి రాగానే ముందు త్రాసులో వేసి తర్వాతే ముఖం చూసేవాడు. ముందు చూస్తే కన్ను ప్రేమలో పడుతుంది, తర్వాత త్రాసు చెప్పింది ఎక్కదు అనేవాడు. ఫోన్‌లో నాకు జరిగింది అదే.

తూకం ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఆ టంకశాల సంగతి కొంచెం చెప్పాలి. 1652 మే నెలలో మసాచుసెట్స్ బే కాలనీ శాసనసభ బోస్టన్‌లో సొంత టంకశాలకి చట్టం చేసింది. జాన్ హల్ అనే కంసాలికి పని అప్పజెప్పారు, ఆయన రాబర్ట్ శాండర్సన్‌ని భాగస్వామిగా తీసుకున్నాడు. వెస్టిండీస్ వ్యాపారంలో వచ్చే స్పానిష్ వెండి నాణేలు అప్పట్లో చేతులు మారుతుండేవి, వాటిలో కల్తీ సరుకు, కత్తిరించిన సరుకు చాలా ఉండేది. దాన్ని కరిగించి స్టెర్లింగ్ మచ్చుకి, అంటే వెయ్యికి 925 వంతుల వెండికి తెచ్చి, షిల్లింగు 72 గ్రెయిన్ల తూకంలో కొట్టేవాళ్లు, గ్రాముల్లో 4.67. వెండి తెచ్చినవాడి దగ్గర తరుగు, మజూరీ పట్టుకుని మిగతాది నాణేలుగా ఇచ్చేవాళ్లు, మన కంసాలి కొట్లో జరిగినట్టే. ఇంగ్లండ్ షిల్లింగు దాదాపు 93 గ్రెయిన్లు ఉండేది. హల్ షిల్లింగు కావాలనే 22 శాతం తేలిగ్గా పెట్టారు, ఆ నాణేలు ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోకుండా ఇక్కడే తిరగాలని.

మొదట కొట్టినవి ఎన్.ఈ. నాణేలు, ఎన్.ఈ. అంటే న్యూ ఇంగ్లండ్. గుండ్రని వెండి బిళ్ల మీద ఒక పక్క అక్షరాల పంచ్ ఒక దెబ్బ, తిప్పి రెండో పక్క విలువ పంచ్ ఒక దెబ్బ, అంతే. అంచుల దగ్గర బొమ్మ ఏమీ లేదు కనక ఎవడైనా కత్తెరతో కాస్త కత్తిరించుకుంటే కనపడదు. అందుకే అదే ఏడాది అక్టోబరులో డిజైన్ మార్చమని ఆదేశించారు: రెండు పక్కలా జంట వలయాలు, వాటి మధ్య పేరు, మధ్యలో చెట్టు. అలా విల్లో చెట్టు, ఓక్ చెట్టు, చివరికి పైన్ చెట్టు వచ్చాయి. పైన్ 1667 నుంచి 1682 దాకా కొట్టారని లెక్క, అందులోనూ ముందు వెడల్పు బిళ్లలు, 1675 నుంచి చిన్న మందపాటి బిళ్లలు. ఏ చెట్టైనా, ఒక్క రెండు పెన్నీల నాణెం తప్ప, మీద సంవత్సరం మాత్రం 1652. కాబట్టి ఈ నాణేల మీద సంవత్సరం చదివి వయసు చెప్పడం కుదరదు. ఇంగ్లండ్ రాజు కళ్లు కప్పడానికే పాత తేదీ ఉంచారని, 1652లో ఇంగ్లండ్‌కి రాజు లేడు కాబట్టి ఆ కాలంలో కొట్టినవి అని బుకాయించడానికని ఒక కథ ప్రచారంలో ఉంది, ప్రతి అమ్మకందారూ చెబుతాడు. నాకు నమ్మకం లేదు. 1662లో రెండు పెన్నీల నాణెం కొత్తగా మంజూరు చేసినప్పుడు దాని మీద 1662 అని వేశారు, అప్పటికి రెండో చార్లెస్ గద్దెక్కి రెండేళ్లయింది. రాజుకి భయపడేవాళ్లు ఆ పని చేస్తారా? చట్టం చేసిన ఏడాదిని నాణెం మీద వేశారు, నాకు కనపడేది అంతే.

ఇప్పుడు పెట్టెలోకి వద్దాం. మూడు నాణేలు: ఎన్.ఈ. షిల్లింగు ఒకటి, పైన్ చెట్టు ఉన్న బుల్లి పెన్నీ ఒకటి, ఈ రెండూ కవరులో ఉన్నాయి. మూడోది వంకర తిరిగిన పైన్ షిల్లింగు, ఇది విడిగా గుడ్డపీలికలో చుట్టి పెట్టె మూల పడి ఉంది. కవరు మీద పెన్సిలుతో "చెల్సియాలో తవ్వగా దొరికినవి, తాతయ్య ఇచ్చాడు" అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. అక్కకి ఆ కవరంటే ప్రాణం. నాణేల కంటే ముందు కవరే నా చేతిలో పెట్టింది. "దీనికి చరిత్ర ఉంది చూడండి, ఎక్కడ దొరికిందో కూడా రాసి ఉంది" అంది.

నేను ముందు పెన్నీ తీశాను. దాన్ని తూకం కూడా వేయక్కర్లేదు. బోస్టన్ టంకశాల కొట్టింది పన్నెండు, ఆరు, మూడు పెన్నీల నాణేలు, 1662 నుంచి రెండు పెన్నీలు. పెన్నీ కొట్టనే లేదు, చట్టంలోనే లేదు. లేని నాణేనికి అసలు ఉండదు, నకిలీ మాత్రం ఉంది. 1856 ప్రాంతంలో న్యూయార్క్‌లో థామస్ వయట్ అనే ఆయన మసాచుసెట్స్ వెండి నాణేలకి నకళ్లు అచ్చు వేయించాడు, ఎన్.ఈ.లు, ఓక్, పైన్ అన్నీ కలిపి, ఆ హుషారులో ఎప్పుడూ లేని పైన్ పెన్నీ కూడా కల్పించాడు. ఇవి బోస్టన్ పక్కనే ఉన్న చెల్సియాలో నేల తవ్వుతుంటే బయటపడ్డాయని కథ కట్టి వదిలాడు. అప్పటికే నాణేలు పోగేసే పిచ్చి అమెరికాలో మొదలైంది, కొనేవాళ్లు కొన్నారు.

కాబట్టి ఆవిడ అంత అపురూపంగా నా చేతిలో పెట్టిన కవరు మీద రాసి ఉన్నది వయట్ కథే. నాకు అది చదవగానే అర్థమైంది, కానీ వెంటనే చెప్పలేదు. కవరు చూసి నాణేన్ని తీసేయడం కూడా ఫొటో చూసి మెచ్చుకోవడం లాంటి తప్పే. కవరులో పెన్నీ పక్కన ఎప్పుడో ఎవరో నిజం ఎన్.ఈ. కూడా పడేసి ఉండొచ్చు కదా. నాణెం తన సాక్ష్యం తాను చెప్పుకోవాలి.

ఎన్.ఈ. త్రాసులో వేశాను. 3.78 గ్రాములు, అంటే 58.3 గ్రెయిన్లు. ఉండాల్సిన 72లో పదమూడున్నర గ్రెయిన్లు తక్కువ. తక్కువ తూకం ఒక్కటే నేరం కాదు, ఎన్.ఈ.లని కత్తిరించడం సులువని ఇందాకే చెప్పాను. అయితే ఈ బిళ్ల అంచు చుట్టూ గుండ్రంగా, నున్నగా, ఎక్కడా కత్తెర గాటు లేకుండా ఉంది. కత్తిరించకుండా పదమూడు గ్రెయిన్లు ఎక్కడికి పోయాయి? అరుగుదలకి అంత పోతే అక్షరాలు మిగలవు. హల్ దగ్గర ప్రతి బిళ్లా తూచి కొట్టేవాళ్లు, అదే వాళ్ల పరువు.

తర్వాత నీళ్లలో వేలాడదీసి సాంద్రత చూశాను, 10.3 వచ్చింది. అంటే వెండే, మ్యూజియం దుకాణాల్లో అమ్మే తగరం బొమ్మ కాదు. తగరం సరుకైతే ఏడు చిల్లర దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు, "వెండే కదా మరి" అన్నాడు. వెండే, కానీ ఈ పరీక్ష అంతకంటే ముందుకి వెళ్లదు. స్టెర్లింగ్ సాంద్రత 10.36, తొంభై శాతం వెండిది 10.31, ఈ తేడా గ్లాసుడు నీళ్లలో తేలే వ్యవహారం కాదు. నీళ్ల పరీక్ష చేసి స్టెర్లింగ్ అని సర్టిఫికెట్ రాసిచ్చేవాళ్లని చూశాను, నవ్వొస్తుంది.

అసలు విషయం లూప్ కింద తెలిసింది. పంచ్‌తో కొట్టిన నాణెంలో అక్షరాలు ఒక పల్లంలో ఉంటాయి, పల్లం అడుగు నుంచి అక్షరాలు పైకి లేచి ఉంటాయి. అలాంటి నాణెం జేబుల్లో, సంచుల్లో తిరిగితే ముందు అరిగేది పైనున్న మైదానం, అంటే బొమ్మ లేని చదును భాగం. పల్లంలో దాక్కున్న అక్షరాలు ఆఖరున అరుగుతాయి. ఈ నాణెంలో తిరగబడి ఉంది వ్యవహారం: అక్షరాల తలలు మెత్తగా, అరిగినట్టు ఉన్నాయి, చుట్టూ మైదానం మాత్రం అరగకుండా, గీతలు లేకుండా ఉంది. అంటే అది అరుగుదల కాదు, అచ్చులోనే అలా మెత్తగా పుట్టింది. ఇంకోటి, సుత్తితో పంచ్ కొడితే దెబ్బ తగిలిన చోట వెనక వైపు లోహం కాస్త చదునవుతుంది. అందుకే హల్ మనుషులు ఎన్.ఈ. ఒక అంచున, విలువ వెనక వైపు ఎదురు అంచున కొట్టేవాళ్లు, ఒకదాన్ని ఒకటి చెరపకుండా. ఇక్కడ ఎన్.ఈ. వెనక చెయ్యి పెడితే అద్దంలా ఉంది, దెబ్బ తిన్న జాడే లేదు. రెండు పక్కలా పూర్తి అచ్చులు పెట్టి ప్రెస్సులో ఒక్కసారిగా నొక్కినట్టుంది.

పంచ్ ఆకారాల్ని సిడ్నీ నోయ్ 1943లో వేసిన ఎన్.ఈ. కేటలాగు ఫొటోలతో పోల్చాను. ఈ నాణేలకి వాడిన పంచ్‌లు కొన్నే, అన్నీ నమోదయ్యాయి. దేనితోనూ కలవలేదు. ఎన్ అక్షరం ఏటవాలు గీత దగ్గరే తేడా కొట్టింది. అయినా నాకు నేను ఒక రోజు గడువు పెట్టుకున్నాను. తెలిసిన బంగారం కొట్టు అతని దగ్గర ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం (ఎక్స్-కిరణాలతో ఏ లోహం ఎంత ఉందో చూపించేది) ఉంటే అక్కడికి మూడూ పట్టుకెళ్లాం, అక్క, తమ్ముడు వెనక కార్లో. ఎన్.ఈ. మీద వెండి తొంభై శాతానికి కొంచెం అటూ ఇటూ చూపించింది, మూడు చోట్ల కొట్టినా అంతే. 1837 తర్వాత అమెరికా ప్రభుత్వం నాణేలకి పెట్టుకున్న మచ్చు సరిగ్గా తొంభై. పాత వెండి నాణేల్లో పైపొరలో రాగి పోయి వెండి శాతం అసలు కంటే ఎక్కువ చూపించడం మామూలు, తక్కువ చూపించడానికి మాత్రం కారణం వెతుక్కోవాలి. దీన్ని బట్టి ఎవరు చేశారో చెప్పలేం, కానీ జాన్ హల్ కాదని చెప్పొచ్చు. తర్వాత ఈ సిరీస్ మీదే పనిచేసే ఒక పెద్దాయనకి ఫొటోలు పంపితే తన దగ్గరున్న వయట్ నకళ్ల ఫొటోలు పక్కన పెట్టి తిరిగి పంపాడు. ఎన్ ఏటవాలు గీతతో సహా కలిసింది.

మూడో నాణెం. దీని కోసం ఎవరూ రాలేదు, దీనికి కవరూ లేదు. వంకరగా ఉంది, ఎస్ ఆకారంలో రెండు చోట్ల వంగింది. దీన్ని చేతికి తీసుకున్నప్పుడు నాకు ముందు వచ్చింది కోపం. నాణెం తెల్లగా, జీవం లేకుండా, పీంగాణీ ముక్కలా మెరుస్తోంది. "ఫొటో బాగా రావాలని డిప్‌లో ముంచాను, అదే, వెండి సామాన్లు తోమేది" అన్నాడు తమ్ముడు. మూడు వందల నలభై ఏళ్లుగా పట్టిన పొర, నిమిషంలో పోయింది. ఏం అనగలం. మన ఊళ్లలో రాణి రూపాయలకి జరిగేదీ ఇదే, అమ్మే ముందు చింతపండు పెట్టి తోమి, విబూది రుద్ది తళతళలాడించి తెస్తారు, తళతళలాడిన ప్రతి రూపాయికీ ధర తగ్గిందని చెబితే మొహం మాడ్చుకుంటారు. నలుపు మురికి కాదండీ, అది నాణెం చర్మం.

తూకం 4.04 గ్రాములు, 62.3 గ్రెయిన్లు. ఇదీ తక్కువే. కానీ ఇక్కడ కారణం కళ్లెదుట ఉంది: కింది భాగంలో, గడియారంలో నాలుగు నుంచి ఏడు దాకా అనుకోండి, అంచు తిన్నగా కోసినట్టుంది. ఆ మేరకి బయటి చుక్కల వలయం లేదు, అక్షరాల పై భాగాలు సగం సగం ఎగిరిపోయాయి. మిగతా చుట్టూ వలయం నిండుగా ఉంది. ఎవరో పది గ్రెయిన్ల వెండి కత్తిరించుకున్నారు, అదీ చాలా పాత కోత, కోసిన అంచు కూడా తిరిగి తిరిగి గుండ్రబడింది. ఒక పక్క చెట్టు చుట్టూ కాలనీ పేరు, ఇప్పటి స్పెల్లింగు కాదు, మసాతుసెట్స్ అని చదవాలి. రెండో పక్క 1652, పన్నెండు. కోయని దిక్కున వెడల్పు ఇరవైమూడు మిల్లీమీటర్ల పైన, కాబట్టి చిన్న బిళ్ల రకం, నిజంగా కొట్టింది 1675కీ 1682కీ మధ్య. చెట్టు కొమ్మలు ఏ అక్షరం వైపు చూస్తున్నాయి, మాను కింద ఏ అక్షరం వస్తోంది అని ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతే పైన్ నాణేలకి నోయ్ ఇచ్చిన నంబర్లలో 16 దగ్గర ఆగింది. వంకర వల్ల కొలతలు కుదరవు, కళ్లతోనే చూడాలి, గంటన్నర పట్టింది, మధ్యలో ఒకసారి వేరే నంబరు రాసి కొట్టేశాను కూడా.

ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో వెండి 93 దాకా, మిగతాది రాగి, దాంతో పాటు కొంచెం సీసం, పిసరంత బంగారం. ఆ పిసరు బంగారం చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కాలంలో వెండిని సీసంతో శుద్ధి చేసేవాళ్లు, ఆ పద్ధతిలో సీసం కాస్త మిగిలిపోతుంది, బంగారం విడిపోదు. ఈ రోజుల్లో కరెంటుతో శుద్ధి చేసిన వెండిలో ఇవి దాదాపు ఉండవు. బంగారం కనపడింది కాబట్టి నిజమైనదే అని దీని అర్థం కాదు, పాత వెండి కరిగించి నకలు చేసేవాడూ ఉంటాడు. కానీ తూకం, కోత, అచ్చు వివరాలు, లోహం, నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి.

వంకర సంగతికి వస్తే, ఇలాంటి నాణేల్ని అమెరికాలో మంత్రగత్తె ముక్కలు అంటారు. వంచిన వెండి నాణెం దగ్గరుంటే చేతబడి తగలదని నమ్మేవాళ్లని, 1692లో సేలం ఊళ్లో మంత్రగత్తెలని జనాన్ని విచారించిన గొడవల రోజుల్లో ఇలా పళ్లతో కొరికి వంచుకున్నారని చెబుతారు. అలా చేసినవాళ్లూ ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో ప్రేమికులు గుర్తుగా నాణెం వంచి ఇచ్చుకునే అలవాటు కూడా ఉంది, వంకర నాణెం కనపడగానే మంత్రగత్తెని పిలవక్కర్లేదు. రిపోర్టులో "పాత వంపు, ఉద్దేశపూర్వకం కావచ్చు" అని మాత్రమే రాశాను. అన్నట్టు సేలం విచారణలో కూర్చున్న జడ్జీల్లో ఒకడు శామ్యూల్ సీవాల్, ఆయన ఈ జాన్ హల్‌కి స్వయానా అల్లుడు. 1697లో చర్చిలో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు.

ఆ అల్లుడి పెళ్లి గురించే అక్క ఒక కథ చెప్పింది, చిన్నప్పుడు వాళ్ల నాన్న చెప్పాడట. 1676లో హల్ తన కూతురు హానాని త్రాసులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క పైన్ షిల్లింగులు పోసి, సరితూగినంత కట్నం ఇచ్చాడని. మన తులాభారం లాంటిది, తులసిదళం లేదంతే. కట్నం 500 పౌండ్లన్నది రికార్డుల్లో ఉన్న మాటే. 500 పౌండ్లంటే పదివేల షిల్లింగులు, ఒక్కోటి 4.67 గ్రాములు, మొత్తం 46.7 కిలోలు. అక్కడే కాగితం మీద లెక్క వేసి చూపించాను, సన్నటి పిల్లయితే సరిపోతుంది. అక్క నవ్వింది. అప్పటికింకా ఎన్.ఈ. సంగతి చెప్పలేదు, అందుకే ఆ నవ్వు నాకు బాగా గుర్తుండిపోయింది.

చెప్పాల్సి వచ్చింది. నేరుగా చెప్పాను: కవరులో ఉన్న రెండూ పందొమ్మిదో శతాబ్దం నకళ్లు, గుడ్డలో ఉన్నది అసలు. ఆవిడ కవరు తీసుకుని మళ్లీ చదివింది. "చెల్సియా అని రాసి ఉందిగా" అంది. అదే కదండీ, చెల్సియా అని రాసి ఉండటమే, అని వయట్ సంగతి చెప్పాను. తమ్ముడు మాత్రం ముందు నన్ను చూశాడు, తర్వాత లాయర్ని చూశాడు. "మీరే కదా ఫోన్‌లో మామూలు విషయం కాదన్నారు." అన్నాను, నిజమే. రిపోర్టు మొదటి పేజీలోనే, జనవరిలో ఫొటోలు చూసి మౌఖికంగా అన్న మాటని వెనక్కి తీసుకుంటున్నానని, దానికి ఆధారం లేదని రాశాను. ఫీజు గంటల లెక్కనే తీసుకుంటాను, విలువలో శాతం తీసుకోను, ఎందుకంటే శాతం తీసుకునేవాడికి నాణెం నిజం కావాలని ఉంటుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ కొట్టుకి తిరిగిన రోజుకి మాత్రం బిల్లు వేయలేదు.

విలువ కట్టడం త్వరగానే అయింది. ఎస్టేట్‌కి కావాల్సింది న్యాయమైన మార్కెట్ ధర: కొనాలని తొందర లేని కొనుగోలుదారు, అమ్మాలని తొందర లేని అమ్మకందారు, ఇద్దరికీ విషయం తెలిసి ఒప్పుకునే ధర. ఇన్సూరెన్స్ ధర వేరు, దుకాణంలో అద్దాల వెనక అతికించిన ధర వేరు. షిల్లింగుకి ఆ ఆగస్టుకి ముందు జరిగిన అమ్మకాల్లోంచి మూడు తీసుకున్నాను. తిన్నగా, పూర్తి తూకంతో ఉన్నది ఒకటి, వంగినది ఒకటి, కత్తిరించినది ఒకటి, మూడూ ఇంచుమించు ఇదే అరుగుదలతో. వంపుకి పెద్దగా తగ్గించలేదు, ఈ సిరీస్ పోగేసేవాళ్లు వంపుని పట్టించుకోరు, కొందరు అదే కావాలంటారు. కోతకి బాగా తగ్గించాను. డిప్‌లో ముంచినందుకు మాత్రం తగ్గించలేదు, ఎందుకంటే అది ఆగస్టు తర్వాత జరిగింది, నాన్న పోయిన రోజున నాణెం నల్లగానే ఉంది. తమ్ముడి ఫోన్‌లో ముంచకముందు తీసిన ఫొటో ఒకటి ఉంది కాబట్టి అది రాయగలిగాను. 2,100 డాలర్లు వేశాను. ఇవాళ అమ్మితే మాత్రం అంత రాదు, పదిహేడు వందలొస్తే సంతోషించాలి, ఆ తేడా నిమిషం డిప్ ఖరీదు అని పక్కన వేరే పేరాలో రాశాను. నకళ్లు రెండింటికీ కలిపి కొన్ని వందలు. వయట్ నకళ్లకీ కొనేవాళ్లున్నారు, నూట డెబ్బై ఏళ్ల నాటి మోసం కూడా ఇప్పుడు పురాతన వస్తువే. అయితే అమ్మేటప్పుడు నకలు అని చెప్పి అమ్మాలి. 1973 తర్వాత చేసిన నకళ్ల మీద కాపీ అని ముద్ర ఉండాలని చట్టం ఉంది, పాతవాటి మీద అది ఉండదు, అందుకే అవి మళ్లీ మళ్లీ కొత్త చేతుల్లో అసలువై తిరుగుతుంటాయి.

పన్ను గీత దాటలేదు. లాయరు రిపోర్టు చదివి, "ఇంత సంతోషంగా నకిలీ అని వినడం ఇదే మొదలు" అన్నాడు. అది లెక్క ప్రకారం నిజమే కానీ అక్క మొహంలో సంతోషం ఏమీ కనపడలేదు.

షిల్లింగుని గ్రేడింగుకి, అంటే నాణెం పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసిచ్చే సంస్థకి పంపమన్నాను. 1 నుంచి 70 దాకా వేసే అంకె దీనికి రాదని ముందే చెప్పాను, కత్తిరించి, తోమిన నాణేనికి అసలుదే అన్న మాట, పక్కన లోపం పేరు వస్తాయి. అదే చాలు, కొనేవాడు మళ్లీ మొదటి నుంచి అనుమానపడకుండా ఉంటాడు. రెండు నెలలకి అలాగే వచ్చింది, నోయ్ 16 అని కూడా వేశారు. తమ్ముడు అది తన వాటాగా తీసుకున్నాడు. ఒక రోజు మెసేజ్ పెట్టాడు, దీన్ని ఎవరైనా కంసాలి చేత తిన్నగా చేయించొచ్చా అని. ప్లాస్టిక్ డబ్బాలోంచి తీయకండి, దేవుడి దయ వల్ల మీరు ఒక్కసారే ముంచారు, ఇంక దాన్ని వదిలేయండి అని రాశాను. నవ్వే బొమ్మ పెట్టాడు.

అక్క నకళ్లు రెండూ తనే ఉంచుకుంది. కవరు నాణేలతోనే ఉండాలని, విడదీయొద్దని నేను రాతపూర్వకంగా చెప్పాను, ఎందుకంటే వాటికి ఇప్పుడున్న కాస్త విలువా ఆ పెన్సిలు రాత వల్ల పెరుగుతుంది, వయట్ కథని ఒక కుటుంబం నమ్మి దాచుకున్న కాగితం అది. అంతా అయ్యాక లాయరు ఆఫీసు మెట్ల దగ్గర ఆగి అడిగింది, "అయితే మా తాతముత్తాతల్ని ఎవరో మోసం చేశారంటారు, అంతేనా?" చేశారండీ అన్నాను. ఎంతకి కొన్నారో ఎక్కడైనా రాసి ఉందేమో చూస్తానంది, పెట్టె అడుగున ఇంకా కాగితాలున్నాయట. ఏప్రిల్‌లో ఫోన్ చేసి చెప్పింది, అవన్నీ పాత కరెంటు బిల్లులట.